అంకె పక్కన రాసే మాట

మద్యం అలవాటును రక్తంలో పట్టుకునే పరీక్షల్లో చాలావాటికి మద్యం కనపడదు. అది ఒంట్లో చేసిపోయిన పని మాత్రమే కనపడుతుంది. ఆ పని ఇంకోటి చేసినా కాగితం మీద అంకె అదే.

జీజీటీ అనే లివర్ ఎంజైము సంగతే చూడండి. తాగేవాళ్లలో పెరుగుతుంది, నిజమే. ఫ్యాటీ లివర్ ఉన్నా, పైత్యనాళానికి రాయి అడ్డుపడ్డా పెరుగుతుంది. ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ బీ12 లోపంలోనూ పెరుగుతుంది. మన శాకాహారుల ఇళ్లలో ఆ లోపం ఎంత మామూలో తెలిసిందే.

ఒకావిడ ఉద్యోగానికి ముందు చేయించిన పరీక్ష రిపోర్టు పట్టుకుని మా ల్యాబుకి వచ్చింది. జీజీటీ ఎక్కువుంది. పక్కన ఎవరో పెన్నుతో ‘మద్యం?’ అని రాశారు. “చుక్క కూడా ముట్టనండీ” అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. “అమ్మా, రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా?” అని అడిగాను. కాసేపు తటపటాయించి హ్యాండ్‌బ్యాగులోంచి ఫెనిటాయిన్ స్ట్రిప్పు తీసింది. ఫిట్స్‌కి ఏళ్ల తరబడి వాడుతోంది. జీజీటీని పెంచే మందుల్లో అదొకటి. పెన్ను పట్టినవాళ్లు ముందు ఆ ఒక్క ప్రశ్న అడగాలి కదా!

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు సీడీటీ అనే పరీక్ష అడుగుతారు. ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌కి మామూలుగా నాలుగు సియాలిక్ ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. వారాల తరబడి బాగా తాగితే రెండే ఉన్నవి, అసలు లేనివి ఎక్కువవుతాయి; వాటి శాతమే సీడీటీ. హెచ్‌పీఎల్‌సీ యంత్రం వీటిని విడదీసి గ్రాఫు మీద గుట్టల్లా వరసగా చూపిస్తుంది. నేను శాతం కంటే ముందు ఆ గ్రాఫు చూస్తాను. ఒక్క గుట్ట ఉండాల్సిన చోట జంటగా రెండు లేచాయంటే పుట్టుకతో వచ్చిన ట్రాన్స్‌ఫెరిన్ తేడా అయ్యుండొచ్చు. గ్రాఫు లేకుండా శాతం మాత్రమే ఇచ్చే పాత కిట్లలో ఆ తేడా కూడా తాగుడు ఖాతాలోకే పోయేది. గర్భిణుల్లో, ముదిరిన లివర్ జబ్బులో సీడీటీని మరింత ఆచితూచి చదవాలి.

వీటన్నిటికంటే పెత్ పరీక్ష నమ్మకమైనది. అది వెతికే ఫాస్ఫటిడైల్ ఇథనాల్ మద్యం తగలకుండా ఎర్ర కణాల పొరలో పుట్టదు. మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు దాటితే బాగా తాగినట్టు లెక్క. అయినా జాగ్రత్త తప్పదు. తీసిన రక్తంలో ఆల్కహాల్ మిగిలుండి, ట్యూబు బయటే పడి ఉంటే అందులోనే కొత్తగా పెత్ తయారవుతుంది. కాస్త తాగినవాడు కూడా పెద్ద తాగుబోతులా కనపడతాడు. రక్తం ఎక్కించుకున్నవాళ్లకి దాత తాగుడు గుర్తు అంటుకోవచ్చు. లివర్ మార్పిడి కోసం ఎదురుచూసే రోగికి నిజంగా తాగాడా లేదా అన్న ఈ తేడా ప్రాణంతో సమానం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వస్తే వాడే మందుల చీటీ, ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ఆ వివరం డాక్టరు ముందు పెట్టండి. మనిషి మీద ముద్ర వేసేముందు మరో పద్ధతిలో పరీక్ష చేయమని గట్టిగా అడగండి.