మఱపు రోగమునకు కళోపచారము – భాషా విచారము

వార్ధక్యమునకు సహజమైన మఱపు వేఱు, డిమెన్షియా యను వ్యాధి వేఱు. మొదటిది చుట్టము పేరును కొంతసేపు దాచును. రెండవది చుట్టమునే అపరిచితుని గావించును. భారతదేశమున 60 ఏండ్లు పైబడినవారిలో సుమారు 88 లక్షల మంది దీనికి లోనై యున్నారని 2023లో వెలువడిన అంచనా. దీనిని పూర్తిగ మాన్పు ఔషధము నేటికిని లేదు. కావుననే పాట, చిత్రము, కథ, చేతిపని మున్నగువానిని ఒక్కొక్క అంశము చుట్టును కూర్చి రోగులచేత చేయించు పద్ధతులు ప్రచారమునకు వచ్చినవి. వాని గుణదోషములను, ముఖ్యముగ తమిళనాట స్థిరపడిన తెలుగువారి దృష్టితో, విచారింపవలసి యున్నది.

ఇట్టి పద్ధతులలో చక్కగ పరీక్షింపబడినది ‘కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ’. బ్రిటనులో ఎయిమీ స్పెక్టరు, ఆమె సహచరులు దీనిని 201 మందిపై పరీక్షించి 2003లో ఫలితములను ప్రకటించిరి. వారమునకు రెండు చొప్పున 7 వారములలో 14 కూటములు; ఒక్కొక్కటి సుమారు 45 నిమిషములు. బాల్యము, ఆహారము, ధ్వనులు, డబ్బు వాడుక, చేతిపని – ఇట్లు కూటమునకొక అంశము. జట్టు తనకొక పేరును, ఒక పాటను ఎన్నుకొనును. ‘ఇది ఏమి?’ అని పరీక్షింపక, ‘దీనిని గూర్చి మీరేమందురు?’ అని యడుగుట యిందలి సూత్రము. అమెరికాలో ఆన్ బాస్టింగు నెలకొల్పిన ‘టైమ్ స్లిప్స్’ ఇంకొక యడుగు ముందునకు వేసినది. అందు ఒక చిత్రమును చూపి, జ్ఞాపకము తెచ్చుకొనుడనక, కథ కల్పింపుడందురు. ప్రతి మాటయు కథలో చేరును; తప్పు సమాధానమనునది లేదు. రోగి మర్యాదను కాపాడుటలో ఈ రెండును మెచ్చదగినవి.

ఐనను మెప్పు వేఱు, ప్రమాణము వేఱు. 2023 నాటి కాక్రేన్ సమీక్ష 37 పరీక్షలను, 2,766 మందిని పరిశీలించి, వ్యాధి ముదురనివారికి మొదటి పద్ధతివలన బుద్ధిశక్తియందు స్వల్పమైన మేలు కలుగునని తేల్చినది. చిత్రకళా చికిత్సను గూర్చిన 2018 నాటి సమీక్షకు దొరకినవి రెండే పరీక్షలు, 60 మందే రోగులు. ఆ మాత్రమున నిర్ణయము చేయుట కుదరలేదు. కావున కళవలన పోయిన జ్ఞాపకము మఱలివచ్చునని చాటుట కుటుంబములను భ్రమపెట్టుటయే యగును. కళ యీయగలిగినది ఆ గడియలోని తృప్తి, తోడు, గౌరవము. అవి తక్కువవి కావు.

మఱియొక ప్రశ్న భాషకు సంబంధించినది. చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు స్పెక్టరు పద్ధతిని తమిళమునకు అనువుగ మార్చి ప్రయోగించిరి. అది శ్లాఘనీయమే. కాని కోవిల్పట్టి, కోయంబత్తూరు ప్రాంతములందు తరతరములుగ నున్న అనేక తెలుగు కుటుంబములలో తెలుగు ఇంటి మాట, తమిళము బడి వ్రాత. కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామం’ నవలలో ఈ జనుల వలస కథను ఒక ముదుసలి నోట తమిళముననే పలికించెను. హైదరాబాదులో 648 మంది రోగులను పరిశీలించిన సువర్ణ అల్లాడి బృందము, ఒకటికి మించిన భాషలు మాటాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగ తలయెత్తెనని 2013లో ప్రకటించినది. రెండు భాషల నడుమ బ్రదికినవారికి ఇది ఊరట. ఐతే వ్యాధి ముదిరినప్పుడు, తరువాత నేర్చిన భాష జాఱిపోయి చిన్ననాటి భాషయే మిగులుట కొందఱియందు కానవచ్చును. అట్టి వృద్ధురాలు తమిళ కూటములో మిన్నకున్నచో, ఆ మౌనమును రోగలక్షణముగ లెక్కింతురు. నిజమునకది వినువారి కొఱతయు కావచ్చును.

తెలుగింటియందు కళా సామగ్రికి కొదువ లేదు. చుక్కల ముగ్గు చేతి యలవాటు. పేర్లు మఱచిన పిదపను చేయి నేర్చిన పని కొంతకాలము నిలుచును. కోలమువేయు పొరుగింటి తమిళ వృద్ధురాలితో కలిసి కూర్చుండుటకును అది వీలు గల్పించును. తిరువైయాఱున వసించిన త్యాగరాజు కృతులు చాలవఱకు తెలుగువే. అక్షరము రానివారికిని చెవి ద్వారా వచ్చినవి. బొమ్మల కొలువు, పొడుపు కథ, లాలిపాట, సంక్రాంతి వంట – ఒక్కొక్కటి ఒక కూటమునకు చాలు.

కాని జాగ్రత్త వలయును. సామెతలో సగము చెప్పి తక్కిన సగము నడిగినచో, అది బడి పరీక్షగ మాఱరాదు. పసిపిల్లల రంగుల పుస్తకమును పెద్దల కిచ్చుట అవమానము. బాల్యము అందఱికిని తీపి కాదు. కొలువు బొమ్మను చూడగనే పోయిన బిడ్డ తలపునకు వచ్చు తల్లియు నుండును. అంశమును ఎన్నుకొనుటకు ముందు ఆ మనిషి కథను ఇంటివారిని అడిగి తెలిసికొనవలెను. కంట నీరు పెట్టినచో అంశమును విడిచిపెట్టవలెను.

ఇన్ని చెప్పినను మూలమైన చిక్కు మిగులుచున్నది. కూటమును నడుపువానికి తెలుగు రావలెను. ఇంట బదులు పలుకువారికిని రావలెను. మనుమలకు తెలుగు నేర్పుట వారి చదువు కొఱకే యని తలంచుచున్నాము. అవ్వ సామెతలో సగము పలికి ఆగినపుడు, తక్కిన సగమును అందించుటకును ఆ చదువు అక్కఱకు వచ్చును.