ఒక ఆంగ్లకవితలో యౌవనాస్తమయము

ఆంగ్లసాహిత్యమును పట్టపరీక్షకు చదువు మన బిడ్డలలో టి. ఎస్. ఇలియట్ రచించిన 'జె. ఆల్‌ఫ్రెడ్ ప్రూఫ్రాక్ ప్రేమగీతము' అను కవిత పేరు విననివారు అరుదు. కాని వినుట వేరు, అనుభవించుట వేరు. 'ఇది ముదిమి పైబడిన పాశ్చాత్యుని నిట్టూర్పు. జీర్ణించిన నాగరికతకు అద్దము' అని రెండు వాక్యములు కంఠస్థము చేసి పరీక్ష గట్టెక్కువారే యెక్కువ. ఈ యభిప్రాయము సగము మాత్రమే సత్యమనియు, విడిచిపెట్టిన సగమే మనకు ముఖ్యమనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా కవిని గూర్చి ఒక మాట. తెలుగు కుటుంబమున జనించి, వేలూరు వూర్హీస్ కళాశాలలో విద్యాభ్యాసము చేసిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు 1888 సెప్టెంబరు 5న జన్మించిరి. అదే నెల 26న అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున ఇలియట్ జన్మించినాడు. ఈ కవితను అతడు 1910-11 సంవత్సరములలో, ఇంచుమించు ఇరువదిరెండేండ్ల ప్రాయమున రచించినాడు. ఎజ్రా పౌండ్ ప్రోత్సాహమున అది 1915 జూనులో చికాగోనుండి వెలువడు 'పొయెట్రీ' పత్రికలో ప్రకటితమైనది. 1917లో గ్రంథరూపము దాల్చినది. రచన ముగిసిన పిదపనే అతడు హార్వర్డు విశ్వవిద్యాలయమున సంస్కృతమును, భారతీయ దర్శనములను అభ్యసించినాడు. కావున ఈ కవితలో మన వేదాంతమును వెదకుట వృథాశ్రమ.

ఇరువదిరెండేండ్ల యువకుడు ముదిమిని గూర్చి ఏల వ్రాసినాడు? కవితను అర్థము చేసికొనుటకు ఈ ప్రశ్నయే తాళపుచెవి.

కథ స్వల్పము. పొగమంచు పిల్లివలె మేడలను ఒరసికొనుచున్న యొక సాయంకాలము ప్రూఫ్రాక్ అను గృహస్థు విందునకు బయలుదేరును. అతడు ఒక ముఖ్యమైన మాట అడుగవలెను. అది ప్రణయవాక్యమో, జీవితరహస్యమో కవి చెప్పడు. ఆ గదిలో స్త్రీలు మైకెలాంజిలోను గూర్చి ముచ్చటించుచు అటునిటు తిరుగుచుందురు. ఇతనికి మాత్రము తన నెత్తిన పలుచబడిన జుట్టును గూర్చియే చింత. సమయమున్నదిలే యని వాయిదా వేయును. పిదప సమయము మించినదని విచారించును. తుదకు ఆ మాట అడుగబడదు. ప్రేమగీతమని పేరు పెట్టి, ప్రేమవాక్యము లేకుండ ముగించుట ఇందలి విషాదహాస్యము.

ఇతడు వృద్ధుడని కవి యెచ్చటను నిర్ణయించి చెప్పలేదు. వార్ధకము ఇతనికి వయస్సు కాదు, ఒక సాకు. మాటాడుటకు వెరచినవాడు 'నాకిక వయస్సు చెల్లినది' అని తప్పించుకొనుచున్నాడు. యౌవనము ఏండ్లు గడచుటవలన కాక, చేయవలసినది రేపటికి త్రోయుటవలన క్షయించునని ఈ కవిత చెప్పుచున్నది. ఇరువదిరెండేండ్లవానికి తెలియదగిన సత్యమే యిది.

ఇందు సామాన్యజీవితమును కొలుచు సాధనము కాఫీచెంచా. గుడియాత్తమున మగ్గము నెదుట కూర్చున్న నేతగాడును తన దినమును చిన్నచిన్న కదలికలతోనే కొలుచును. కాని పోగు వెంబడి పోగు చేరి లుంగీ యగును. ప్రూఫ్రాక్ కదలికలు దేనిలోను చేరవు. నిత్యకృత్యము స్వతః నీరసము కాదు. దాని వెనుక నెరవేరవలసిన పని లేనప్పుడే అది నీరసము. ఈ భేదమును మన ప్రాంతపు పాఠకుడు సులభముగా గ్రహింపగలడు.

మన సాహిత్యమున యౌవనాస్తమయము క్రొత్త వస్తువు కాదు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి వైరాగ్యశతకమున అది విరక్తికి ద్వారము. ధూర్జటి కాళహస్తీశ్వర శతకమున, ముదిమి రాకమునుపే, దేహమున పాటవ మున్నపుడే శివుని సేవింపవలెనని హెచ్చరించినాడు. 'ఇంకను సమయమున్నది' అను భ్రాంతిని ధూర్జటి ఖండించినాడు. ప్రూఫ్రాక్ దానినే ఆశ్రయించినాడు. వ్యాధి యొకటే, కాని ధూర్జటికి తన మొర వినువాడున్నాడు, ప్రూఫ్రాక్‌కు లేడు. కవితకు శీర్షమున డాంటే మహాకవి నరకవర్ణనలోని పంక్తులను ఇలియట్ ఉంచుటయు ఇందులకే. అందు గ్విడో అను పాపి, వినువాడు తిరిగి లోకమునకు పోడని నమ్మియే తన కథ చెప్పుకొనును. ప్రూఫ్రాక్ సైతము ఎవరును వినరను ధైర్యముతోనే మనసు విప్పుచున్నాడు.

ఈ కవితలో లోపములు లేకపోలేదు. అందలి స్త్రీలకు పేర్లు లేవు, మనస్సులు లేవు. తీరిక గలవాని దుఃఖమునకే ఇందు చోటు. కాఫీ కాచి తెచ్చిన చేతులకు దుఃఖమున్నదో లేదో కవి విచారింపలేదు. ఇట్టి నైరాశ్యము యువకులకు హితమా యని పెద్దలు శంకింతురు. శంక సహజమే. కాని ప్రూఫ్రాక్‌ను కవి ఆదర్శముగా నిలుపలేదు. అతనిని చూచి నవ్వుచు, ఆ నవ్వులో తన్ను తాను గుర్తించి పాఠకుడు ఉలికిపడవలెను. ఆ ఉలికిపాటే ఈ కవితవలని హితము.

అది మనకును తగులును. తమిళనాట 2006 నాటి చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధమైన పిదప, తెలుగక్షరములు నేర్పు భారము చాలవరకు ఇంటిమీదనే పడినది. ఇరుగుపొరుగు భాషను బిడ్డలు చక్కగా నేర్చుట మంచిదే. కాని ఇంటిభాష మాటకు వచ్చునప్పటికి 'పరీక్షలు ముగియనిండు, వచ్చు వేసవిలో చూతము' అని మనమును ప్రూఫ్రాక్ వలెనే పలుకుచున్నాము. సమయమున్నదని మొదట, సమయము మించినదని తుద. ఈ రెంటి నడుమ ఒక తరము గడచిపోవును. ఒక పరభాషాకవిత మన యింటి సంగతిని మనకు గుర్తుచేసినచో, దానిని చదివిన శ్రమ సార్థకమైనట్లే.