రెండోసారి కొన్నదెవరు?

డాలస్‌లో ఉండే మా అన్నయ్య కొడుకు ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. ముందురోజు ఏదో ట్రేడ్ షోలో స్మార్ట్ కళ్లజోడు పెట్టుకుని చూశాడట. ఒక కంటి ముందు చిన్న తెర, అందులో ఏ అరలోంచి ఏ పెట్టె తీయాలో కనబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. "బాబాయ్, ఇది మన గిడ్డంగుల్లోకి రాక తప్పదు. చిన్న కంపెనీ, షేరు చవగ్గా ఉంది. ఐదు వేల డాలర్లు పెడదామనుకుంటున్నా. ఓసారి చూసి చెప్పవా?"

కంపెనీ పేరు వ్యూజిక్స్. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ దాని ఊరు. కొడాక్ పుట్టిన ఊరు, అద్దాల పనికి తరాల నాటి పేరున్న ఊరు. అక్కడ 1997 నుంచి ఇదే పని పట్టుకుని ఉన్నారంటే వాళ్ల పట్టుదలని తక్కువ చేయలేం. 2015లో నాస్‌డాక్‌కి ఎక్కారు. అదే ఏడాది ఇంటెల్ దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు పెట్టింది.

నేను ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చిన్న పరిశ్రమల అప్పుల ఫైళ్లు చూసినవాణ్ని. బాలానగర్‌లో ఏ షెడ్డుకి వెళ్లినా యజమాని ముందు మెషీను చూపించేవాడు. నేను కరెంటు బిల్లులు, డెలివరీ చలాన్ల కట్ట అడిగేవాణ్ని. చలాన్లలో ఒకే పార్టీ పేరు మూడు నాలుగుసార్లు కనబడితే ప్రాణం కుదుటపడేది. మొదటి ఆర్డరు పరిచయం మీద రావచ్చు, మొహమాటానికి రావచ్చు, శాంపిలు చూద్దామని రావచ్చు. రెండో ఆర్డరు సరుకు పనిచేస్తేనే వస్తుంది.

ఒక్కసారి ఆ పద్ధతి తప్పాను. ఓ కుర్ర ఇంజనీరు చేసిన పరికరం చూసి ముచ్చటపడి, చలాన్లు అడక్కుండానే అప్పుకి సిఫారసు రాశాను. రెండేళ్లకి షెడ్డుకి తాళం పడింది. ఇల్లు తాకట్టు పెట్టిన ఆ కుర్రాడి తండ్రి మా బ్యాంకు మెట్ల మీద కూర్చున్న మధ్యాహ్నం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అందుకని వ్యూజిక్స్ వార్షిక నివేదిక వెనకనుంచి చదివాను. ముందు పేజీల్లో భవిష్యత్తు ఉంటుంది, లెక్కలు వెనక ఉంటాయి. 2023లో అమ్మకాలు సుమారు కోటీ 21 లక్షల డాలర్లు, నష్టం 5 కోట్లు. 2024లో అమ్మకాలు 58 లక్షలకి పడిపోయాయి, నష్టం 7 కోట్లు దాటింది. ఆ నష్టమంతా జేబులోంచి పోయిన డబ్బు కాదు. అందులో పెద్ద ముక్క, అంతకుముందు వేరే టెక్నాలజీ కంపెనీ మీద పెట్టిన పెట్టుబడి విలువని పుస్తకాల్లో తగ్గించి రాసుకున్నది. దాన్ని పక్కన పెట్టినా రాబడికీ ఖర్చుకీ పొంతన లేదు.

మరి ఆ లోటు దేనితో పూడుతోంది? క్యాష్ ఫ్లో పట్టికలో జవాబుంది: కొత్త షేర్లు అమ్మగా వచ్చిన డబ్బుతో. మావాడికి ఇదే విడమరిచి చెప్పాను. "నీ వెయ్యి షేర్లు వెయ్యిగానే ఉంటాయిరా. ఏటా కొత్తవి పుట్టుకొస్తుంటే కంపెనీలో నీ వాటా మాత్రం కరిగిపోతుంది."

ఈ దారిలో నడిచినవాళ్లు ఇంతకుముందూ ఉన్నారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో జైబర్నాట్ అనే కంపెనీ ఉండేది. నడుముకి కంప్యూటరు, తలకి తెర. 1996లోనే నాస్‌డాక్‌కి వచ్చింది. పేటెంట్లున్నాయి. సరుకు తయారుచేసి ఇవ్వడానికి ఐబీఎం, హిటాచీ లాంటి పేర్లున్నాయి. ఒక్క ఏడాదీ లాభం చూడలేదు, షేర్లు అమ్ముకుంటూ నడిచింది. 2005లో యాజమాన్యం ఖర్చుల మీద సొంత ఆడిట్ కమిటీయే విచారణ జరిపింది. ఆడిటర్లు తప్పుకున్నారు. ఆ జులైలోనే దివాలా పిటిషన్ పడింది. వాళ్ల ఊహ తప్పు కాదు. ఈ రోజు కోట్లమంది ఒంటి మీద కంప్యూటర్లున్నాయి. ఊహని నమ్మి షేర్లు కొన్నవాళ్లకి దక్కిందేమీ లేదు. అంతెందుకు, చేతికి కట్టుకునే పరికరాలు చేసే ఫిట్‌బిట్ లాభాల్లో ఉండగానే 2015లో 20 డాలర్లకి షేర్లిచ్చింది, చివరికి గూగుల్ చేతికి వెళ్లింది 7 డాలర్ల 35 సెంట్లకి.

వ్యూజిక్స్ వైపు నిలిచే మాట ఒకటుంది, దాన్ని దాచను. 2024 సెప్టెంబరులో తైవాన్ క్వాంటా కంప్యూటర్ మొదటి విడతగా కోటి డాలర్లు పెట్టింది, షేరు ఒక డాలరు 30 సెంట్ల లెక్కన. క్వాంటా అంటే వేరే బ్రాండ్లకి ల్యాప్‌టాప్‌లు తయారుచేసిపెట్టే కంపెనీ. ఫ్యాక్టరీ ఉన్నవాడు డబ్బు పెట్టాడంటే నేను గౌరవిస్తాను. కానీ ఫ్యాక్టరీ ఉన్నవాడు అమ్మేవాడి పక్షమే. నాకు కొనేవాడు కావాలి.

అమెరికాలో లిస్టయిన కంపెనీ అమ్మకాల్లో పదో వంతుకి మించిన కొనుగోలుదారు ఉంటే, పేరు రాయకపోయినా ఆ సంగతి నోట్స్‌లో చెప్పితీరాలి. ఏటేటా నివేదికలు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క పేరా చూడమన్నాను. పెద్ద కొనుగోలుదారు నిలబడుతున్నాడా, ఏడాదికొకడు మారిపోతున్నాడా?

"మరి కొననా, వద్దా బాబాయ్?"

వద్దన్నాను. ఆ పేరాలో ఒకే కొనుగోలుదారు వరసగా రెండేళ్లు, అదీ పెరిగిన అంకెతో కనబడేదాకా ఒక్క షేరు కూడా వద్దన్నాను.