గోథే-షిల్లర్ లేఖలు: రచయిత, సంపాదకుల సంబంధం - పరిశీలన

వ్యాససంగ్రహం

జర్మన్ కవి గోథేకూ, ఆయన కంటె పదేళ్లు చిన్నవాడైన షిల్లర్‌కూ మధ్య 1794 నుంచి 1805 వరకు సుమారు వెయ్యి లేఖలు నడిచాయి. వీటిని సాధారణంగా స్నేహానికి నిదర్శనంగా చదువుతారు. షిల్లర్‌ను పత్రికాసంపాదకుడిగా చూసినప్పుడు ఆ లేఖల్లో కనిపించే విమర్శ స్వభావాన్నీ, దాని హద్దులనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లేఖాసాహిత్యం, సంపాదకత్వం, గోథే, షిల్లర్, ఫౌస్ట్.

1. ఉపోద్ఘాతం

ఈ లేఖల ఆరంభం ఆత్మీయత కాదు, పత్రిక అవసరం. 'డీ హోరెన్' అనే మాసపత్రికను తలపెట్టిన షిల్లర్, అందులో రాయవలసిందిగా 1794 జూన్ 13న యేనా నుంచి గోథేను కోరాడు. వైమార్‌లో ఉన్న గోథే అదే నెల 24న అంగీకరించాడు. ఆగస్టు 23 నాటి లేఖతో ఈ సంబంధం స్వరూపం మారింది. గోథే ప్రతిభ ఏ మార్గంలో వికసించిందో షిల్లర్ అందులో విశ్లేషించాడు. తన పుట్టినరోజు వారంలో ఇంతకన్న ఇష్టమైన కానుక అందలేదని గోథే బదులిచ్చాడు. రచన కోరడానికి ముందు రచయితను అర్థం చేసుకోవాలన్న సూత్రం ఇక్కడ ఆచరణలో కనిపిస్తుంది.

2. పత్రికకు దక్కని నవల

'విల్‌హెల్మ్ మైస్టర్ శిక్షణకాలం' నవలను గోథే అప్పటికే వేరొక ప్రచురణకర్తకు ఒప్పుకున్నాడు. కనుక అది 'హోరెన్'కు దక్కలేదు. అయినా షిల్లర్ అచ్చుకు ముందే దానిని భాగాలుగా చదివి, 1796 జూలైలో వరుసగా దీర్ఘలేఖలు రాశాడు. నవలలోని ప్రధానభావం పాఠకుడికి మరింత స్పష్టంగా అందాలన్నది ఆయన అభ్యంతరం. దాచిపెట్టి చెప్పడం తన స్వభావంలోనే ఉన్న లోపమని గోథే జూలై 9న ఒప్పుకున్నాడు. అయితే షిల్లర్ భావాలకు తనదైన రీతిలో రూపమిచ్చానని, మళ్లీ చూపకుండానే అచ్చుకు పంపాలనిపిస్తోందని ఆగస్టు 10న రాశాడు. సలహాను స్వీకరించడం, దానికి లొంగిపోవడం ఒకటి కావని ఈ రెండు లేఖలు కలిపి చదివితే తెలుస్తుంది.

3. విప్పని కట్ట

1790లో అసంపూర్ణంగా అచ్చయిన 'ఫౌస్ట్'లో మిగిలిన భాగాలను చూపమని షిల్లర్ 1794 నవంబరులో అడిగాడు. దానిని బంధించి ఉంచిన కట్టను విప్పే ధైర్యం లేదని గోథే జవాబిచ్చాడు. 1797 జూన్‌లో గోథేయే ఆ రచనకు పూనుకొని, ఒక నిద్రలేని రాత్రి దాని గురించి ఆలోచించి చెప్పమని కోరాడు. విస్తరిస్తున్న ఆ వస్తువును పట్టి ఉంచే కావ్యబంధం ఏదన్నదే చిక్కు అని షిల్లర్ గుర్తించాడు. మొదటి భాగం 1808లో వెలువడేనాటికి షిల్లర్ మరణించి మూడేళ్లయింది.

4. హద్దులు

ఇద్దరి మధ్య కుదిరిన అభిరుచి మూడో కవికి అడ్డుగోడ కూడా కాగలదు. 1797 జూన్‌లోనే హోల్డర్లీన్ కవితలు రెండింటిని షిల్లర్ కవి పేరు చెప్పకుండా గోథేకు పంపాడు. కవికి కావలసిన దినుసులు ఉన్నాయి గాని అవి మాత్రమే కవిని చేయవని గోథే అభిప్రాయపడ్డాడు. వాటిలో తన పాత రూపమే కనిపించిందని షిల్లర్ అంగీకరించాడు. రెండు కవితలూ అచ్చయ్యాయి. కాని గోథే నవలకు షిల్లర్ ఇచ్చినంత ఓపికైన పఠనం ఈ లేఖల్లో ఆ యువకవికి లభించలేదు. పేరున్న రచయితకు దక్కే శ్రద్ధ పేరులేని కవికి దక్కుతుందా అన్నదే సంపాదకుడికి అసలు పరీక్ష. ఈ సందర్భంలో షిల్లర్ ఆ పరీక్షలో నెగ్గాడని చెప్పలేం.

5. ముగింపు

'హోరెన్' 1795 నుంచి 1797 వరకు మూడేళ్లే నడిచింది. లేఖలను గోథే స్వయంగా 1828-29లో ప్రచురించాడు. పత్రిక ఆగినా సంపాదకుడి పఠనం ఆగలేదు. కాబట్టి రచయితల లేఖలను జీవితచరిత్రకు ఆధారాలుగా మాత్రమే తీసుకోవడం చాలదు. రచన ఏ ప్రశ్నకు మారింది, ఏ ప్రశ్నకు మారలేదు అన్నది చూపే పాఠ్యాలుగా, ఉభయపక్షాల లేఖలనూ పక్కపక్కన ఉంచి చదవడం అవసరం.