బట్టలు పెట్టినవారి పేరు

పండగ ఇంకా నెల ఉందనగా మా మేనల్లుడు ఫోన్ చేశాడు.

"మావా, ఈసారి కబడ్డీకి జెర్సీలు కొట్టించేస్తన్నాం. పన్నెండు. ముందుపక్క ఎరువుల కొట్టాయన పేరు, చేతి మీద మందుల షాపు. యీపు మీద ఏటెయ్యాలో తెల్డం లేదు. నువ్వు పేపర్లో రాస్తావు గదా, సెప్పు."

పేపర్లో రాసేవాడికి వీపు సంగతి ఏం తెలుస్తుందిరా అనబోయి ఊరుకున్నాను. ఎరువుల కొట్టాయన ఎంతిచ్చాడని మాత్రం అడిగాను. సగం ఆయనదట, పావు మందుల షాపుదట, మిగతాది చందాలు.

మాది బుచ్చయ్యపేట మండలం. మొన్నమొన్నటి దాకా విశాఖ జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా సంక్రాంతి పోటీలు మారలేదు. కోతలైన మడిలో గీత గీసి, నాలుగు గడకర్రలు పాతి, మైకు కడితే కబడ్డీ కోర్టు తయారు. నా చిన్నప్పుడు ఆ ఆటకి చొక్కాయే లేదు. నిక్కరు, ఒంటినిండా మన్ను, అంతే. రెండు జట్లనీ గుర్తుపట్టడానికి ఒక జట్టు బనియన్లు వేసుకునేది, రెండోది విప్పేసేది. అంటే ఆడేవాళ్లలో సగం మందికి ప్రకటన వేసుకునే చోటే లేదు. ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకోమని ఏ కొట్టాయనా అడగలేదు, అదృష్టం.

మా జట్టుకి మొదటిసారి అచ్చు బనియన్లు వచ్చింది 1990ల్లో. తిరుప్పూర్ నుంచి దిగిన తెల్ల బనియన్లు, వాటి మీద స్క్రీన్ ప్రింటింగ్. చోడవరంలో ఒకాయన వెనక గదిలో చేసేవాడు. చెక్క చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ, అక్షరాలున్నచోట తప్ప మిగతాదంతా మూసేసి ఉండేది. దాన్ని బనియన్ మీద పెట్టి, రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే పేరు దిగేది. దండెం మీద ఆరేసిన పన్నెండు బనియన్ల మీద పన్నెండుసార్లు అదే కొట్టు పేరు చూసి మేం మురిసిపోయాం, కొట్టు మాదే అన్నట్టు. అయితే ఆ రంగు గుడ్డ మీద అట్టకట్టి కూర్చునేదే గానీ లోపలికి ఇంకేది కాదు. నాలుగు ఉతుకులకి బీటలు వారేది. పై ఏడాది పండక్కి కొట్టు పేరులో సగం రాలిపోయి, మా రైడర్ రొమ్ము మీద "శ్రీ" ఒక్కటే మిగిలింది. వాడు శ్రీ అని పలుకుతూ కూతకి వెళ్లేవాడు.

ఇప్పుడు కొడుతున్నది వేరు. సబ్లిమేషన్ అంటారు. కంప్యూటర్లో వేసిన బొమ్మని అద్దంలో కనబడ్డట్టు తిరగేసి కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని తెల్లటి పాలియెస్టర్ గుడ్డ మీద పరిచి, దాదాపు 200 డిగ్రీల వేడి మీద నొక్కుతారు. రంగు కరగకుండానే ఆవిరై దారంలోకి దూరిపోతుంది. హారతి కర్పూరానికి ఉన్న గుణమే ఆ రంగుకీ ఉంది. నూలు గుడ్డకి ఇది పట్టదు. పట్టిందంటే మాత్రం గుడ్డ చిరగాలి గానీ పేరు పోదు.

పేరు పోకపోవడంలో ఉన్న ఇబ్బంది నాకు ఆలస్యంగా తెలిసింది. పదేళ్ల కిందట మా కుర్రాళ్లకి ఒక డిపాజిట్ల కంపెనీ జెర్సీలు ఇచ్చింది. ఏ కంపెనీ అన్నది వదిలేద్దాం. ఏజెంటు మా వాడే. ఆ పండక్కి మా జట్టు కప్పు గెలిచింది, ఏజెంటుకి ఖాతాలు పెరిగాయి. నేనూ ఒకటి కట్టాను. రెండేళ్లు తిరక్కుండా కంపెనీ షట్టరు దించేసింది. డబ్బులు పోయాయి, జెర్సీలు మాత్రం మెరుస్తూనే ఉన్నాయి. చివరికి ఒకటి మా వంగతోటలో దిష్టిబొమ్మకి తొడిగాం. ఎండకీ వానకీ ఆ పేరు ఒక్క అక్షరం చెదరలేదు. పిట్టలు భయపడ్డాయో లేదో గానీ, అటుగా వెళ్లినప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ని. పాత స్క్రీన్ ప్రింటింగ్ అయితే కంపెనీతోపాటు పేరూ రాలిపోయేది కదా అనుకునేవాణ్ని.

భారత క్రికెట్ జట్టు చొక్కా చూసినప్పుడల్లా నాకు ఆ దిష్టిబొమ్మే గుర్తొస్తుంది. నా మీద దేశద్రోహం కేసు పెట్టకండి. ఆ రొమ్ము మీద ఒకప్పుడు విల్స్ ఉండేది, సిగరెట్ పెట్టె మీది పేరే. తర్వాత 2001 నుంచి 2013 దాకా సహారా. విశాఖలో 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు ఆ చొక్కా మీద ఉన్నది ఆ పేరే. వాళ్ల ఒప్పందం ముగిసిన కొద్ది నెలలకే, 2014 మార్చిలో, సహారా అధినేతని సుప్రీంకోర్టు జైలుకి పంపింది. తర్వాత స్టార్. 2017లో ఒప్పో అయిదేళ్లకి 1,079 కోట్లకి పాడుకుని, రెండేళ్లకే బైజూస్‌కి అప్పగించి తప్పుకుంది. ఆ బైజూస్ మీద బాకీ కోసం క్రికెట్ బోర్డే దివాలా కోర్టుకి వెళ్లింది. బాకీ 158 కోట్లు. 2023లో డ్రీమ్ 11 వచ్చింది, 358 కోట్లు, మూడేళ్లు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధిస్తూ చట్టం చేసేసరికి అదీ మధ్యలోనే దిగిపోయింది. ఆ సెప్టెంబరులో మనవాళ్లు ఆసియా కప్పుని జట్టు స్పాన్సరు పేరు లేని చొక్కాలతో ఆడి గెలిచారు. ఇప్పుడు అపోలో టైర్స్.

దీన్ని చొక్కాకి పట్టిన శనిగా చెప్పుకోవడం జనానికి సరదా. నాకు శని మీద నమ్మకం లేదు. అంత ధర పెట్టేది ఎవరో చూడండి. అందరికీ ముందే తెలిసినవాడు, అప్పటికే నమ్మకం సంపాదించినవాడు తొందరపడడు. అనకాపల్లి బెల్లం ఏ చొక్కా మీదా ఎక్కలేదు, ఎక్కాల్సిన అవసరం రాలేదు. కొత్తగా డబ్బొచ్చి, ఇంకా నమ్మకం రానివాడికే ఆ రొమ్ము కావాలి. కొత్తడబ్బు వచ్చినంత వేగంగానూ పోగలదు. అందులో జోస్యానికేం పని?

డ్రీమ్ 11 సంగతిలో మనకి ఇంకో మెలిక ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో నిషేధించాయి. ఆ కంపెనీ డబ్బు పోటీలు మన దగ్గర నడవలేదు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు. గ్యాలరీలో వాళ్ల నాన్న కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఇక్కడ మేమూ పెట్టుకున్నాం. సొంత రాష్ట్రంలో డబ్బు కట్టి ఆడనివ్వని ఆట పేరు ఆ కుర్రాడి రొమ్ము మీద ఉంది. అది వాడి తప్పు కాదు, బట్టలు ఎవరు పెడితే అవి కట్టుకున్నాడు.

బట్టలు పెట్టడం అన్న మాట తెలుగులో చిన్నది కాదు. పుట్టింటివారు పెడతారు, వియ్యాలవారు పెడతారు, శుభానికీ అశుభానికీ పెడతారు. పెట్టినవారి బట్ట కట్టుకుంటే వాళ్లకీ మనకీ ఏదో ముడిపడ్డట్టే. కానీ ఏ పుట్టిల్లూ చీర కొంగు మీద ఇంటిపేరు అచ్చు వేయించి పంపలేదు. పేరు కొట్టించే ముచ్చట మనకి స్టీలు గిన్నెల మీదే. పెళ్లి చదివింపుల గిన్నెని వెలుగులోకి ఎత్తి, అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చదివి, "ఇది పిన్నత్తగారు పెట్టింది" అనుకుంటూ నలభై ఏళ్లు వాడతాం. మా రామాలయంలో ఫ్యాను ఇచ్చినాయన మూడు రెక్కల మీదా తన పేరు రాయించాడు. ఫ్యాను తిరిగినంతసేపూ దాత ఎవరో తెలీదు. కరెంటు పోతేనే ఆయన కనిపిస్తాడు, అందరూ తిట్టుకునే ఆ వేళకి.

మా ఎరువుల కొట్టాయన సంగతీ అంతే. ఆయనకి ప్రకటన ఎందుకు? చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన దగ్గరే యూరియా కొంటారు, అప్పు పెట్టేదీ అక్కడే. కుర్రాళ్లు వెళ్లి కొట్టు ముందు నిలబడితే లేదనలేక ఇచ్చాడు. స్పాన్సర్‌షిప్పుకి మా ఊళ్లో తెలుగు మాట మొహమాటం. విత్తనం మొలవకపోతే ఆ పేరు వేసుకున్న కుర్రాడే ముందు వెళ్లి ఆయన్ని నిలదీస్తాడు. పెద్ద చొక్కా వేసుకున్నవాడికి ఆ వీలు లేదు.

చొక్కా మీద పేరు వేసే ఈ వ్యవహారం కొన్నిచోట్ల మొదట్లో దొంగచాటుగానే నడిచింది. 1973లో జర్మనీలో బ్రాన్‌ష్వైగ్ ఫుట్‌బాల్ క్లబ్బు యేగర్‌మైస్టర్ అనే సారా కంపెనీ దగ్గర డబ్బు తీసుకుంది. చొక్కా మీద ప్రకటన కూడదంది ఫుట్‌బాల్ సంఘం. క్లబ్బు ఏం చేసిందో తెలుసా? ఎన్నాళ్లగానో ఉన్న తన సొంత చిహ్నం తీసేసి, సీసా మీది దుప్పి తలనే తన చిహ్నంగా మార్చుకుంది. ఇది ప్రకటన కాదు, మా గుర్తే అంది. ఇంటిపేరు మార్చుకుని ఇల్లరికం వెళ్లినట్టు. ఇంకోపక్క బార్సిలోనా 2006లో యునిసెఫ్ పేరు వేసుకుని, తనే ఏడాదికి 15 లక్షల యూరోలు ఎదురిచ్చింది. బాగుందనుకుంటే 2011లో ముందుపక్కకి డబ్బిచ్చే ఖతార్ ఫౌండేషన్ వచ్చింది. యునిసెఫ్ వీపు మీదికి, నంబరు కిందికి వెళ్లింది.

ముందు డబ్బిచ్చినవాడు, వెనక మనసైనవాళ్లు. ఈ ఏర్పాటు నేను చూసింది విశాఖలో జరిగిన ఆటలోనే, టీవీలో. 2016 అక్టోబరు 29, నరక చతుర్దశి. న్యూజిలాండ్‌తో చివరి వన్డే, మధురవాడ దగ్గర స్టేడియం. మనవాళ్లు 269 కొట్టారు. అమిత్ మిశ్రా 18 పరుగులకి అయిదుగుర్ని పంపితే వాళ్లు 79కే చాపచుట్టేశారు. ఆ ఆట నాకు గుర్తుండిపోయింది వికెట్ల వల్ల కాదు. ఆ రోజు మన ఆటగాళ్ల వీపుల మీద వాళ్ల అమ్మల పేర్లున్నాయి. ధోనీ వీపు మీద దేవకి. కోహ్లీ వీపు మీద సరోజ్. రహానే వీపు మీద సుజాత.

మా అమ్మ దీపావళికి వత్తులు చేసుకుంటూ టీవీ వైపు చూసింది. "ఆ గుంటడి యీపు మీద ఏటి రాసుందిరా?" అంది. చెప్పాను. వత్తి చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మా, తల్లి పేరే! నా పేరు రేసన్ కార్డు మీద, డ్వాక్రా పుస్తకం మీదా తప్ప ఇంకెక్కడన్నా ఉందేటి?"

నిజమే. ఇంటిపేరు నాన్నది, పొలం పట్టా తాతది. గిన్నెల మీద కూడా నాన్న పేరే కొట్టించారు, వాటిని నలభై ఏళ్లు తోమింది మాత్రం అమ్మ.

కాసేపాగి మళ్లీ అడిగింది. "మరి ముందేటి రాసుంది?"

"స్టార్ అని. టీవీ వాళ్లది. వాళ్లే ఇలా వేయించారు, ఏదో ప్రచారానికి."

"అదన్నమాట," అంటూ వత్తి పూర్తి చేసింది. "ఆలు సొక్కా ఇచ్చారు గాబట్టి యీళ్లకి అమ్మ గుర్తొచ్చింది." తర్వాత కూడా అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. ఆట అర్థం కాకపోయినా, ఎవరు వెనక్కి తిరిగితే వాళ్ల అమ్మ పేరు చదివించుకుంది నాతో. అది ప్రకటన అని నాకూ తెలుసు, అమ్మకీ తెలిసిపోయింది. తెలిసీ ఇద్దరి కళ్లూ తడిశాయి. దీని మీద నాకు ఇప్పటికీ ఒక అభిప్రాయం కుదరలేదు. ఆ తర్వాత వీపుల మీద మళ్లీ వాళ్లవాళ్ల పేర్లొచ్చేశాయి.

రొమ్ముకీ చేతికీ మధ్య ధరలో తేడా ఎంతో కూడా చెప్పాలి. ప్రపంచ కప్పుల్లో ముందుపక్క దేశం పేరే ఉండాలి, స్పాన్సరు చేతి మీదికి వెళ్లాలి. అందుకే ఒప్పో మామూలు మ్యాచ్‌కి 4.61 కోట్లు, ప్రపంచ పోటీల్లో మ్యాచ్‌కి 1.56 కోట్లు లెక్కన ఒప్పుకుంది. జానెడు దూరానికి మూడు కోట్ల తేడా. పక్కనున్న ఒడిశా ప్రభుత్వం 2018 నుంచి హాకీ జట్టు చొక్కా మీద తన పేరే వేయించుకుంటోంది. సర్కారు డబ్బు ఎవరిదన్న తగువు అటుంచితే, ఊరి పేరో రాష్ట్రం పేరో రొమ్ము మీద ఉంటే చూడ్డానికి నాకు ఇష్టమే.

అమ్మల పేర్లు వేయించరా అన్నాను మేనల్లుడితో. వాడికి 2016 నాటి ఆట గుర్తులేదు, అప్పటికి చిన్నపిల్లాడు. "బాగుంటాది గానీ మావా, మా జట్టులో నలుగురి అమ్మల పేరు లక్ష్మే. రిఫరీ ఎవుల్ని పిలుస్తాడు?" అన్నాడు. ఆ సమస్య భారత జట్టుకి రాలేదు మరి. చివరికి వీపు మీద నంబరు, దాని పైన ఊరి పేరు అని తేల్చారు.

మర్నాడు నమూనా వాట్సాప్‌లో వచ్చింది. ముందుపక్క ఎరువుల కొట్టు పేరు ఏ తప్పూ లేకుండా ఉంది, రెండుపక్కలా వరి కంకులు కూడా. వెనకపక్క ఊరి పేరు ఇంగ్లిష్‌లో. అక్కడ వచ్చింది తగువు. కొన్ని కాగితాల్లో బుచ్చయ్యపేటకి మధ్యలో "టి" ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. జట్టు రెండు ముక్కలైంది. ఆరుగురు ఉండాలన్నారు, ఆరుగురు వద్దన్నారు. రాత్రి పదింటికి నాకు ఫోన్. తెలుగులో రాయించెయ్యండ్రా అంటే, టోర్నమెంటు యూట్యూబ్‌లో వస్తుంది మావా, తెలుగెందుకు అన్నారు.

ఆ కబురే ప్రింటింగ్ షాపు కుర్రాడికి చెబితే విసుక్కున్నాడట. "అక్షరం ఎక్కువైనా తక్కువైనా నాకు ఒకటే డబ్బులండి. పొద్దున్న తొమ్మిదికి మిషను వేడెక్కించేస్తాను, ఈలోగా ఊరి పేరేటో తేల్చుకోండి."