చదరంగంలో నిదానపు ఆట: ఔత్సాహికులకు అదే రాచబాట

ఎత్తు వేయడానికి ముందు ఎదుటివారి ఉద్దేశం కనిపెట్టి, తన పావులన్నీ ఒకదానికొకటి కాపుగా ఉండేలా నిలుపుకొని, సమయం రాకముందే దాడికి దిగకుండా చిన్న చిన్న అనుకూలతలను పోగుచేసుకుంటూ, చివరి బంటు దాకా ఓపిక సడలకుండా ఆడే పద్ధతిని చదరంగంలో నిదానపు ఆట అంటారు. ఈ ఆట గుప్తుల కాలం నాటికే మన దేశంలో చతురంగంగా ఉండేదనీ, ఇక్కడి నుంచి పర్షియాకూ, అరబ్బు దేశాలకూ, ఐరోపాకూ వెళ్లిందనీ పెద్దలు చెబుతారు. నిదానపు ఆటకు శాస్త్రరూపం ఇచ్చినవాడు 1886లో తొలి అధికారిక ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టైనిట్జ్. అంతకుముందు దాడి అంటే ధైర్యానికీ ప్రతిభకూ సంబంధించిన సంగతిగా చెలామణి అయ్యేది. దాడి చేసే హక్కు అనుకూలత సంపాదించినవాడికే ఉంటుందనీ, ఆ అనుకూలత చిన్న చిన్న మెరుగుదలల వల్లనే కూడుతుందనీ స్టైనిట్జ్ నిరూపించాడు. గ్రాండ్‌మాస్టర్ల సంగతి ఎలా ఉన్నా, ఉద్యోగమో చదువో వ్యవసాయమో చూసుకుంటూ తీరిక వేళల్లో ఆడుకునే ఔత్సాహికుడు తన ఆటను మెరుగుపరచుకోవడానికి ఇంతకు మించిన మార్గం లేదు.

ఈ మార్గం దామరచర్ల వంటి ఊళ్లకు మరీ అవసరం. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద, మిర్యాలగూడకూ కృష్ణా నదికీ నడుమ ఉన్న ఈ మండలం నుంచి, మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి దగ్గర నది దాటితే పల్నాడు, దాని వెనుక గుంటూరు. ఉత్తరానికి సాగితే సూర్యాపేట మీదుగా వరంగల్లు. ఒక దిక్కున గ్రాండ్‌మాస్టర్లు పెండ్యాల హరికృష్ణనూ ద్రోణవల్లి హారికనూ కన్న గడ్డ, మరో దిక్కున గ్రాండ్‌మాస్టర్ ఎరిగైసి అర్జున్‌ను కన్న గడ్డ ఉన్నా, నడుమనున్న దామరచర్లలోనో కోదాడలోనో గ్రాండ్‌మాస్టర్ స్థాయి శిక్షకుడు పక్క వీధిలో దొరకడు. వేలాది ఆరంభపు ఎత్తులను కంఠస్థం చేయించే గురువు లేనివారికి, సూత్రాలు కొన్నే అయినా ప్రతి ఆటలోనూ అక్కరకు వచ్చే నిదానపు ఆటే ఆధారం.

ఆ సూత్రాలలో మొదటిది ఎదుటివారి ఎత్తును ప్రశ్నించడం. ప్రత్యర్థి పావు కదపగానే, ఆ ఎత్తుతో అతడు రాజుకు చెక్ చెప్పగలడా, ఏదైనా పావును చంపగలడా, తరువాతి ఎత్తుకు ఏ బెదిరింపు సిద్ధం చేశాడు అని వరుసగా చూసుకోవాలి. తన ఎత్తు మనసులో ఖాయమయ్యాక, చెయ్యి చాచక ముందు, అవే మూడు ప్రశ్నలను తిరిగి ప్రత్యర్థి వైపు నుంచి వేసుకోవాలి. ఔత్సాహికుల ఓటములలో అధిక భాగం లోతైన వ్యూహాల వల్ల కలిగేవి కావు. కాపు లేని గుర్రాన్నో శకటునో ఊరికే పోగొట్టుకోవడం వల్ల కలిగేవి. కాబట్టి ఈ ఒక్క అలవాటు పట్టుబడితే, కొత్తగా ఏమీ నేర్వకుండానే ఆట ఒక మెట్టు ఎక్కుతుంది.

రెండవది ఆరంభం. నిదానపు ఆటగాడికి ఆరంభంలో గెలవవలసిన పని లేదు. పావులు బయటికి వచ్చి, రాజు క్యాస్లింగ్‌తో, అంటే ఏనుగు చాటున మూలకు చేరడంతో, భద్రమైతే చాలు. తెల్లపావులతో ఆడేవారికి ఇందుకు బాగా పనికివచ్చేది లండన్ పద్ధతి. ఇందులో మంత్రి ముందరి బంటును డి4 గడికి నడిపి, శకటును ముందుగా ఎఫ్4కు తెచ్చి, ఆ తరువాతే ఇ3, సి3 గడులలో బంట్లను నిలుపుతారు. ఇ3 బంటు ముందే కదిలితే ఆ శకటు లోపల చిక్కుపడిపోతుంది గనుక ఈ వరుస ముఖ్యం. నల్లపావులకు, ఇ4 ఎత్తుకు జవాబుగా, కారో–కాన్ రక్షణ అటువంటిదే: సి6తో మొదలుపెట్టి డి5తో నడిమధ్యను పట్టుకొని, తెల్లగడులలో నడిచే శకటును బయటికి పంపాక ఇ6తో కోట బిగిస్తారు. ఈ రెండింటిలోనూ కంఠస్థం తక్కువ, అర్థం ఎక్కువ.

మూడవది మధ్యఆటలో పావులను మెరుగుపరచే విద్య. ఏమి ఆడాలో తోచనప్పుడు, తన పావులలో అన్నిటికన్నా పనికిమాలిన చోట ఉన్నది ఏదో గుర్తించి దానికి మంచి గడి చూపాలన్నది సోవియట్ గురువు వ్లదీమిర్ మకగోనోవ్ బోధ. దీనికి జంటగా నిలిచేది ఆరన్ నిమ్జోవిచ్ 1925 నాటి ‘నా పద్ధతి’ గ్రంథంలో ప్రతిపాదించిన ముందస్తు నివారణ, అంటే ప్రత్యర్థి ఎత్తు వేయబోయే లోపే ఆ ఎత్తులోని పస తీసివేయడం. హెచ్ బంటును ఒక్క గడి జరిపి ప్రత్యర్థి శకటును జి4కు రానీయకపోవడం వంటి చిన్న ఎత్తు చూసేవారికి నిస్సారంగా కనిపించవచ్చు గాని, దాని విలువ పదిహేను ఎత్తుల తరువాత తెలుస్తుంది. పక్కన తోటి బంటు కాపు లేక ఒంటరిగా మిగిలిన ప్రత్యర్థి బంటు ఎదుట గుర్రాన్ని నిలిపి దాన్ని కదలనీయకపోవడం, ఒక బలహీనతకు కాపలా కాస్తున్న శత్రువుకు బోర్డు అవతలి కొసన రెండో బలహీనత కల్పించడం కూడా ఈ విద్యలోనివే. గట్టు ఒకచోట తెగితే రైతు చేత్తోనైనా మట్టి వేసి ఆపగలడు. రెండు కొసల్లోనూ తెగితే మడిలో నీరు నిలవదు.

ఈ కళలో పరాకాష్ఠ చూడాలంటే తిగ్రాన్ పెట్రోసియన్ ఆటలు చూడాలి. 1953లో జ్యూరిక్‌లో శామ్యూల్ రెషెవ్‌స్కీ బంట్లు నడిమధ్యన బలంగా నిలిచి ముందుకు ఉరకబోతున్నప్పుడు, పెట్రోసియన్ ఇరవై ఐదో ఎత్తుగా తన ఏనుగును తీసుకువెళ్లి శత్రు శకటు చంపగల ఇ6 గడిలో పెట్టాడు. ఏనుగు ఖాళీ చేసిన ఇ7 గడి మీదుగా అతని గుర్రం డి5 చేరి అక్కడ రాయిలా కూర్చుంది. ఆ గుర్రాన్ని కదపడం ఎవరి తరమూ కాలేదు, రెషెవ్‌స్కీ దాడి ఆగిపోయింది, ఆట డ్రాగా ముగిసింది. ఏనుగును ఇచ్చి శాంతిని కొన్న ఆ ఎత్తును ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఇదే పెట్రోసియన్ 1962లో కురసావోలో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో, అంటే ప్రపంచ విజేతతో తలపడేవారిని తేల్చే పోటీలో, ఇరవై ఏడు ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఎనిమిది గెలిచి, పందొమ్మిది డ్రా చేసి, మరుసటి ఏడాది అప్పటి విజేత బోత్విన్నిక్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు.

పెట్రోసియన్‌కు ముందే ఈ దారిలో నడిచిన మహానుభావుడు మన ఉపఖండపు బిడ్డ మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబు పల్లెలో, బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలే పాత భారతీయ పద్ధతిలో ఆట నేర్చుకొని, 1929లో ఇంగ్లండు వెళ్లి ఆ ఏడాదే బ్రిటిష్ విజేత అయ్యాడు. 1932, 1933లలో మళ్లీ గెలిచాడు. హేస్టింగ్స్ 1930–31 పోటీలో మాజీ ప్రపంచ విజేత కపబ్లాంకాను అరవై ఐదు ఎత్తుల ఆటలో ఓడించాడు. ఆ ఆటలో ఆరంభంలోనే ‘ఏ’ వరుస బంటును ఒక గడి జరిపి ప్రత్యర్థి శకటును బి4కు రానీయకుండా చేసిన అతని ఎత్తే తరువాతి కాలంలో పెట్రోసియన్ పేరుతో ప్రసిద్ధమైంది. ఈ మేధావికి ప్రపంచ సమాఖ్య 2024లో గాని గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇవ్వలేదు. అప్పటికి ఆయన కన్నుమూసి అర్ధశతాబ్దం దాటింది.

నాలుగవ సూత్రం, అన్నిటిలోకీ నిర్లక్ష్యానికి గురైనది, ముగింపు ఆట. పావులు తగ్గాక రాజు దాక్కోవడం మాని బోర్డు మధ్యకు నడవాలి. తెల్లరాజు ఇ6లో, దాని వెనుక ఇ5లో బంటు, ఇ8లో నల్లరాజు ఉంటే ఎత్తు ఎవరిదైనా తెలుపు గెలుస్తుందని తెలిసినవాడు ఆ స్థితికి ఎలా చేరాలో ముప్పై ఎత్తుల ముందే ఆలోచిస్తాడు. ఒక బంటు తక్కువగా ఉండి ఏనుగుల ముగింపులో పడినప్పుడు, ఫిలిడోర్ చూపిన ఉపాయంతో, శత్రు బంటు ఎదుట రాజును నిలిపి, తన వైపు నుంచి మూడో అడ్డవరుసలో ఏనుగును ఉంచి శత్రు రాజును ముందుకు రానీయక, ఆ వరుసలోకి బంటు అడుగుపెట్టగానే ఏనుగును బోర్డు అవతలి కొసకు పంపి వెనుక నుంచి చెక్‌లు చెబితే ఓడవలసిన ఆట డ్రా అవుతుంది. ఇటువంటి స్థితులు పది పన్నెండు పట్టుబడితే ఔత్సాహికుడికి జీవితకాలపు ఆస్తి.

ఓపికకు దక్కే ఫలం ఎంతటిదో 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో లోకం చూసింది. ప్రపంచ పోటీలో చివరిదైన పద్నాలుగో ఆటలో చెన్నైలో పుట్టిన తెలుగు కుటుంబపు బిడ్డ దొమ్మరాజు గుకేశ్, డింగ్ లిరెన్‌ల మధ్య చెరొక ఏనుగు, చెరొక శకటు మిగిలి, గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒక బంటు ఉన్నాయి. శాస్త్రప్రకారం డ్రా కావలసిన స్థితి. అయినా గుకేశ్ చేయి చాచి డ్రా అడగలేదు. ఎత్తు వెనుక ఎత్తు వేస్తూ ప్రత్యర్థిని ఆలోచింపజేశాడు. యాభై ఐదో ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు తెచ్చాడు. గుకేశ్ ఏనుగులను మార్చుకొని, వెంటనే తన శకటును డి5కు తెచ్చి, మూలన ఏ8లో ఉన్న డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేకుండా చేశాడు. శకటులు కూడా మారాక మిగిలింది బంట్ల ముగింపే. యాభై ఎనిమిదో ఎత్తుకు పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ప్రపంచ విజేత. ఆ విజయం వెనుక పనిచేసిన సహాయక బృందంలో గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడన్నది తెలుగువారందరూ గుర్తుంచుకోవలసిన సంగతి.

హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచి, 2016లో ప్రపంచ పదో స్థానానికి ఎదిగినవాడు. ముగింపు ఆటలో అతని నేర్పు విద్యార్థులకు పాఠ్యగ్రంథం. ఎన్.వి.ఎస్. రామరాజు శిక్షణలో పెరిగిన హారిక 2012, 2015, 2017లలో మహిళల ప్రపంచ పోటీలో మూడుసార్లు కాంస్యం సాధించింది. 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో నిండు చూలాలుగా బోర్డు ముందు కూర్చొని జట్టుకు కాంస్యం అందించింది. గుడివాడలో పుట్టి, తండ్రి కోనేరు అశోక్ దగ్గర ఓనమాలు దిద్దిన హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయి, తల్లి అయ్యాక కొంతకాలం విరామం తీసుకొని తిరిగి వచ్చి 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. 2024 డిసెంబర్ జాబితాలో 2801 రేటింగ్ అందుకున్న అర్జున్ దూకుడుకు పేరుపడ్డవాడే. కాని ఎంత దూకుడైనా ఓడిపోకుండా గంటలకొద్దీ పోరాడగల సత్తా పునాదిగా లేనిదే ఆ సంఖ్య చేతికి రాదు. మెరుపు దాడులకు మారుపేరైన మిఖాయిల్ తాల్‌ను చూసి ఆనందించవలసిందే. ఆట నేర్చుకునేవారు మాత్రం పెట్రోసియన్‌ను చూసి నేర్చుకోవాలి.

ఇంతటి సంపద చేతిలో ఉండగా నేడు పిల్లలకు అందుతున్నది ఏమిటి? పది ఎత్తుల్లో ప్రత్యర్థిని పడగొట్టే ఉచ్చుల వీడియోలు, ఫోనులో నిమిషం గడియారంతో ఆడే ఆటలు, నాలుగెత్తుల ఆటకట్టునే విద్యగా నేర్పే శిక్షణ కేంద్రాలు. ఉచ్చు తెలిసినవాడు ఎదురుపడగానే ఆ విద్య అక్కడితో ఆగిపోతుంది; పదకొండో ఎత్తుకు ఏమి చేయాలో పిల్లవాడికి తెలియదు. నిమిషం ఆటలో చేయి వేగం పెరుగుతుంది, ఆలోచన వేగం పెరగదు. ఒక్క రోజులో ముగిసే వేగపు పోటీలే ఎక్కువయ్యాయి గాని, తొంభై నిమిషాల గడియారంతో, ప్రతి ఎత్తునూ కాగితం మీద రాస్తూ ఆడే అసలైన ఆట చిన్న ఊళ్ల పిల్లలకు అరుదుగా దక్కుతున్నది. నిదానపు ఆటకే నకళ్లు పుట్టడం మరీ బాధాకరం. ఎదుటివారు ఏమి ఆడినా పట్టించుకోకుండా లండన్ పద్ధతి ఎత్తులను యాంత్రికంగా వేయడం నిదానం కాదు, బద్ధకం. పన్నెండో ఎత్తుకే భయపడి డ్రాకు చేయి చాచడం దృఢత్వం కాదు, పిరికితనం. నిదానపు ఆటగాడు గెలవడానికే ఆడతాడు. 2021లో దుబాయ్‌లో నెపొమ్నియాషీ మీద నూట ముప్పై ఆరు ఎత్తులు ఆడి గెలిచిన మాగ్నస్ కార్ల్‌సన్ అందుకు సాక్షి.

గాంబిట్లు, అంటే బంటును బలి ఇచ్చి దాడికి దిగే ఆరంభాలు, ఆడితేనే పిల్లలకు లెక్క కట్టే శక్తి వస్తుందని వాదించే శిక్షకులున్నారు. లెక్క కట్టే శక్తి అవసరమే, ఆ అభ్యాసం రోజూ జరగవలసిందే. ప్రత్యర్థి పన్నాగాన్ని ముందుగా చూసి ఆపడానికి కూడా ఆ శక్తే కావాలి. కాని ఆ అభ్యాసానికి సమస్యల పుస్తకం చాలు, ఆడే ప్రతి ఆటనూ జూదంగా మార్చనక్కరలేదు.

కాబట్టి మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలలో పోటీలు నడిపేవారు ఏడాదికి ఒక్కటైనా నిదానపు గడియారంతో పోటీ పెట్టాలి. పాఠశాలల్లో చెస్ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయులు ఉచ్చులకు ముందు ముగింపు ఆట నేర్పాలి. తల్లిదండ్రులు పతకాల లెక్క పక్కనపెట్టి పిల్లల ఎత్తుల పుస్తకం తెరిచి చూడాలి. ఆడేవారు వారానికి ఒక్క దీర్ఘమైన ఆట ఆడి, ఎత్తులు రాసుకొని, కంప్యూటర్‌ను అడగక ముందు తమ తప్పును తామే వెతుక్కోవాలి. ఈ నాలుగూ జరిగిననాడు గుంటూరుకూ వరంగల్లుకూ నడుమనున్న ఈ నేల నుంచి కూడా గట్టి ఆటగాళ్లు తప్పక వస్తారు.