పిల్లల కడుపులోని సూక్ష్మజీవి – రక్తపరీక్ష చెప్పు సాక్ష్యము

1982 వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు మనుష్యుని జీర్ణాశయమున నివసించు వంపు తిరిగిన బాక్టీరియాను ప్రయోగశాలలో పెంచగలిగిరి. దానికిప్పుడు హెలికోబాక్టర్ పైలోరి అని పేరు. జీర్ణాశయమునందును, చిన్న ప్రేగు మొదటి భాగమునందును పుట్టు పుండ్లకు ఇది ముఖ్యకారణమని తేలినది. 2005 లో వారిరువురికి నోబెల్ బహుమతి లభించినది. ఈ బాక్టీరియా సాధారణముగా బాల్యముననే శరీరమును చేరును. కావున పిల్లలలో దానిని కనుగొను విధానము సరియైనదిగా ఉండవలెను.

అందులకు తేలిక మార్గముగా రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చినది. సూక్ష్మజీవిని ఎదుర్కొనుటకు శరీరము ప్రతిదేహములను తయారుచేయును. రక్తమున వాని జాడ తీయుటయే ఈ పరీక్ష. ఖర్చు తక్కువ, కడుపులోనికి గొట్టము పంపు బాధ లేదు. ఒక ప్రాంతపు జనులలో ఈ బాక్టీరియా ఎంతవరకు వ్యాపించినదో అంచనా కట్టుటకు ఇది ఉపకరించినది. ఆ గుణమును కాదనరాదు. కాని జనసమూహమునకు పనికివచ్చిన కొలత ఒక్కొక్క బిడ్డకును పనికివచ్చునని తలచుట పొరపాటు.

మొదటి లోపము కాలమునకు సంబంధించినది. సూక్ష్మజీవి నశించిన పిదప గూడ ప్రతిదేహములు నెలల తరబడి రక్తమున నిలిచియుండును. కావలివారు తిరుగుచున్నంత మాత్రమున దొంగ యింకను ఊరిలోనే యున్నాడని చెప్ప వీలులేదు గదా! రెండవది వయస్సునకు సంబంధించినది. చిన్న పిల్లలలో ప్రతిదేహములు కొలతకందునంతగా తయారు కాకపోవచ్చును. పెద్దలకు నిర్ణయించిన హద్దుతో కొలిచినచో, సోకిన బిడ్డయు సోకనట్లు కనబడును. శిశువులలో తల్లి నుండి వచ్చిన ప్రతిదేహములు మరియొక చిక్కు.

మూడవది లెక్కలో నున్నది. ఉదాహరణకు 1000 మంది పిల్లలలో 100 మందికి ఈ బాక్టీరియా ఉన్నదనుకొనుడు. పరీక్ష సోకినవారిలో నూటికి 80 మందిని పట్టును. సోకనివారిలో నూటికి 10 మందిని తప్పుగా సోకినవారనును. అప్పుడు నిజముగా పట్టుబడువారు 80 మంది, తప్పుగా పట్టుబడువారు 90 మంది. అనగా 'ఉన్నది' అను తీర్పులలో సగమునకు పైగా తప్పు!

ఈ తప్పునకు మూల్యము చెల్లించునది బిడ్డయే. అనవసరముగా రెండు మూడు మందులు దినముల తరబడి మ్రింగవలసివచ్చును. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుటకు అవకాశము కలుగును. కడుపునొప్పికి అసలు కారణము మరుగునపడును.

అందువలననే ఐరోపా, ఉత్తర అమెరికా శిశు జీర్ణకోశ వైద్యసంఘములు 2017 లో ప్రచురించిన సూచనలలో, పిల్లల చికిత్సకు ప్రతిదేహపరీక్షపై ఆధారపడరాదని పేర్కొనినవి. తొలి నిర్ణయమునకు ఎండోస్కోపీతో జీర్ణాశయపు పొరనుండి ముక్కలు తీసి పరీక్షింపవలెను. చికిత్స ముగిసిన నాలుగు వారములకైనను తరువాత, బాక్టీరియా పోయినదో లేదో శ్వాసపరీక్షవలననో మలపరీక్షవలననో చూడవలెను. శ్వాసపరీక్షలో బిడ్డకు గుర్తుగల కార్బనుతో కూడిన యూరియా ఇత్తురు. బాక్టీరియా ఉన్నచో దానిని విడగొట్టును. ఆ కార్బను ఊపిరిలో బయటపడును. మలపరీక్ష సూక్ష్మజీవి యొక్క పదార్థమునే వెదకును. ఆరేండ్లలోపు పిల్లలలో శ్వాసపరీక్ష కొంత తడబడుట నిజమే. అయినను ఈ రెండును నేటి స్థితినే విచారించును, గడచినదానిని కాదు.

ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో మరల చేయింపవచ్చును. సోకినవారు 100 కు బదులు 500 అయినచో, 'ఉన్నది' అని తేలిన 450 మందిలో 400 మంది విషయమున తీర్పు సరియైనదగును. పరీక్ష మారలేదు, పరీక్షింపబడిన వారు మారిరి. ఏ పరీక్ష ఫలితమునైనను ఎవరికి, ఎందులకు చేసినదో విచారించిన పిమ్మటనే నమ్మవలెనని విద్యార్థులు దీనివలన గ్రహింతురు.